పోర్చుగీసు మాతృభాషగా గలవారికి ఇంగ్లీషు ఉచ్చారణ, పదజాలం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆన్‌లైన్‌లో బ్రెజిల్ విద్యార్థులకు ఇంగ్లీషు బోధించే తెలుగువారికీ, సావో పాలో సహోద్యోగులతో రోజూ కాల్స్‌లో కూర్చునే మన ఐటీ ఉద్యోగులకూ పదే పదే ఎదురయ్యే సందేహాలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాను. ఉదాహరణలన్నీ తెలుగు లిపిలోనే ఉన్నాయి. పరభాషా ధ్వనిని ఏ లిపీ పూర్తిగా పట్టుకోలేదు కాబట్టి, ప్రతి మాటనూ ఒకసారి పైకి పలికి చూడవలసిందిగా మనవి. విడిగా చెప్పని చోట్ల పోర్చుగీసు మాటల ఉచ్చారణను బ్రెజిల్ పద్ధతిలోనే ఇచ్చాను.

ప్రశ్న: ‘ఇంటర్నెట్’ అనే మాటను బ్రెజిల్ వారు ‘ఇంటర్నెచి’ అని ఎందుకు పలుకుతారు?

ఇందులో నిర్లక్ష్యం లేదు. వారి భాషలోని రెండు నియమాలు ఒకదాని వెంట ఒకటి పనిచేయడం వల్ల అలా జరుగుతుంది. పోర్చుగీసులో మాట చివర నిలబడగలిగే హల్లులు చాలా తక్కువ. రాతలో సాధారణంగా కనిపించేవి స, జ, ర, ల, మ వంటి నాలుగైదు మాత్రమే. క, ప, ట, డ, గ, బ లతో మాట ముగియవలసి వచ్చినప్పుడు బ్రెజిల్ నాలుక దాని తరువాత ఒక చిన్న ‘ఇ’ని చేర్చి గానీ విశ్రమించదు. ‘ఫేస్‌బుక్’ వారి నోట ‘ఫేసిబుకి’ అవుతుంది. ‘పిక్నిక్’ను రాతలో కూడా ‘పికినికి’ అన్నట్టే రాస్తారు. ఇది మొదటి నియమం. ఇక ‘ఇ’కి ముందున్న ‘త’ను ‘చ’గా, ‘ద’ను ‘జ’గా మార్చడం బ్రెజిల్‌లో ఎక్కువ ప్రాంతాల అలవాటు. ‘ఇంటర్నెట్’ చివర మొదట ‘ఇ’ చేరి, ఆ చేరిన ‘ఇ’ వల్ల ‘ట’ కాస్తా ‘చ’గా మారుతుంది. ‘గుడ్’ అనే మాట ‘గుజి’ కావడం కూడా ఈ దారిలోనే.

తెలుగువారికి ఇది వింతగా తోచనక్కరలేదు. మనకు ‘బస్’ ‘బస్సు’ అయింది, ‘బుక్’ ‘బుక్కు’ అయింది, ‘రోడ్’ ‘రోడ్డు’ అయింది. అజంత భాష అని మనం గర్వంగా చెప్పుకునే గుణం, ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు మనకు తెలియకుండానే ప్రతి మాట చివరా ఒక ‘ఉ’ను చేరుస్తుంది. మనం ఉకారంతో చేసే పనినే వారు ఇకారంతో చేస్తారు. ఈ పోలికను మొదటి తరగతిలోనే విద్యార్థికి చెప్పడం మంచిదని నా అభిప్రాయం. ‘మా ఊళ్లో బస్సు, మీ ఊళ్లో బుకి’ అన్న మాట వినగానే అవతలి మనిషి నవ్వుతారు, ఆ నవ్వుతో సగం బెరుకు పోతుంది.

ప్రశ్న: చివర చేరే ఆ ‘ఇ’ని మాన్పించడానికి దగ్గరి దారి ఏది?

‘ఇ అనవద్దు’ అని చెప్పడం వల్ల ఫలితం ఉండదు, ఎందుకంటే తాను ‘ఇ’ అంటున్నట్టు విద్యార్థికి వినబడదు. దానికి బదులు, హల్లుతో ముగిసే మాట తరువాత అచ్చుతో మొదలయ్యే మాటను చేర్చి పలికించాలి. ‘పిక్ ఇట్ అప్’ అనే మూడు మాటలను ‘పి-కి-టప్’ అని ఒకే గొలుసుగా పలికిస్తే, అదనపు అచ్చుకు చోటే మిగలదు. రెండు వారాలు ఇలా పలికిన తరువాత చివరి అచ్చును క్రమంగా గొణుగుడు స్థాయికి తగ్గిస్తూ పోవాలి.

రెండో ఉపాయం ‘ప’తో ముగిసే మాటలకు. ‘స్టాప్’ అని పలికి, పెదవులు మూసుకున్న చోటే ఆగిపొమ్మని చెప్పాలి. ఒక వేలిని పెదవులకు అడ్డంగా పెట్టుకొని, మనసులో రెండు అంకెలు లెక్కపెట్టిన తరువాతే పెదవులు విప్పమనాలి. ఇంగ్లీషువారు కూడా మాట చివరి ‘ప’ను చాలాసార్లు విప్పకుండా వదిలేస్తారు కాబట్టి ఇది కృత్రిమమేమీ కాదు. కెమెరాలో వేలు కనిపిస్తుంది గనుక, తప్పు ఎక్కడ జరిగిందో దూరాన ఉన్న మనకూ తెలుస్తుంది.

ప్రశ్న: ‘వర్క్‌డ్’ వంటి భూతకాల రూపాల సంగతి ఏమిటి?

పై రెండు నియమాలూ ఇక్కడ కలిసి దాడి చేస్తాయి. రాతలో ఉన్నదంతా చదివి, చివర ‘ఇ’ చేర్చి, ‘డ’ను ‘జ’ చేసి ‘వర్కెజి’ అంటారు. ట, డ లతో ముగిసే క్రియలకు మాత్రమే అదనపు అక్షరం పలుకుతుందని, మిగిలినవాటికి ‘వర్క్‌ట్’, ‘ప్లేడ్’ అని ఒక హల్లు మాత్రమే చేరుతుందని ఒకే ఒక్క వాక్యంలో చెప్పి, వెంటనే ‘వర్క్‌ట్ ఆన్’, ‘ప్లేడ్ ఎ’ వంటి గొలుసుల్లోకి వెళ్లడం మేలు.

ప్రశ్న: ‘స్కూల్’ను ‘ఇస్కూల్’ అనేవారిని ఎలా సరిదిద్దాలి?

మన పల్లెల్లో ‘ఇస్కూలు’, ‘ఇస్టేషను’ అనే పెద్దలను విన్నవారికి ఈ సమస్య కొత్త కాదు. పోర్చుగీసులో ‘స’ తరువాత మరో హల్లు వచ్చే మాటలకు ముందు అచ్చు తప్పనిసరి. బడిని ‘ఎస్కోల’ అంటారు, స్పెయిన్‌ను ‘ఎస్పాన్య’ అంటారు. దీనికి నాకు బాగా పనిచేసిన ఉపాయం ‘బస్ స్టాప్’. ఈ రెండు మాటలనూ కలిపి పలికినప్పుడు మధ్యలో ‘ఇ’ రాదు. కొన్నిసార్లు పలికించిన తరువాత ‘బ’ను వదిలేసి, మిగిలిన బుసను సాగదీస్తూ ‘స్స్స్‌స్టాప్’ అనమనాలి. పాము బుసతో మొదలుపెట్టి మాటలోకి జారిపోవడం పిల్లలకు ఒక్క పూటలో వస్తుంది, పెద్దలకు నాలుగైదు రోజులు పడుతుంది.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. ‘స్మైల్’, ‘స్లో’ వంటి మాటల్లో ‘స’ పక్కన నాదహల్లు, అంటే గొంతు కంపిస్తుండగా పలికే హల్లు, ఉంటే పోర్చుగీసు నియమం ప్రకారం ఆ ‘స’ కూడా నాదాన్ని పుంజుకొని, ‘జూ’ అనే మాటలోని మొదటి ధ్వనిగా మారుతుంది. గొంతుపై చేయి పెట్టుకొని, ‘మ’ దగ్గరికి వచ్చేవరకూ కంపనం తెలియకూడదని చెబితే సరిపోతుంది.

ప్రశ్న: ‘టీచర్’ అనబోయి ‘చీచర్’ అంటున్నారు. ఏం చేయాలి?

పోర్చుగీసులో పిన్నిని, అత్తను ‘తియ’ అని రాసి ‘చీయ’ అని పలుకుతారు. పగలును ‘దియ’ అని రాసి ‘జీయ’ అంటారు. అయితే ఉ, ఎ, అ ల ముందు వారి ‘త’ చెక్కుచెదరదు. కాబట్టి ‘టూ, టే, టెన్’ అని మొదలుపెట్టి, నాలుక కొనను అదే స్థానంలో ఉంచి, ‘టెన్’ నుంచి ‘టిన్’కు, ‘టిన్’ నుంచి ‘టీ’కి మెల్లగా దింపాలి. నాలుక కొన మాత్రమే తగలాలి, నాలుక మధ్యభాగం పైకి లేవకూడదు. రెసీఫె వంటి ఈశాన్య బ్రెజిల్ ప్రాంతాల్లో ‘త’ను ‘చ’ చేయని వారు చాలామంది ఉన్నారు. మీ విద్యార్థిది దక్షిణాది ఉచ్చారణ అయితే, ‘రెసీఫె మనిషిలా టీచర్ అను’ అని అడిగి చూడండి. పక్క ప్రాంతపు యాసను అనుకరించమంటే కాదనే మనిషి ఏ దేశంలోనూ ఉండరు.

ప్రశ్న: ‘రెడ్’ అంటే ‘హెడ్’ అని, ‘హంగ్రీ’ అంటే ‘యాంగ్రీ’ అని ఎందుకు వినబడుతుంది?

రాతలోని రకారానికి పోర్చుగీసులో రెండు పలుకుబడులు ఉన్నాయి. మాట మొదట వచ్చినా, మధ్యలో జంటగా వచ్చినా, అది బ్రెజిల్‌లో చాలా చోట్ల మన ‘హ’కు దగ్గరగా ఉంటుంది. అందుకే రియో డి జనీరోను అక్కడివారు ‘హియు’ అంటారు. 1985లో అక్కడ మొదలైన ‘రాక్ ఇన్ రియో’ సంగీతోత్సవం పేరు స్థానికుల నోట దాదాపు ‘హాకిన్ హియు’ అని వినబడుతుంది. అచ్చుల మధ్య ఒంటరిగా వచ్చే రకారం మాత్రం అచ్చంగా మన తెలుగు ‘ర’యే. ఈ తేడా తెలియకపోతే తమాషాలు జరుగుతాయి. పోర్చుగీసులో ‘కారు’ అని పలికితే ‘ఖరీదైనది’ అని అర్థం, మనం ఎక్కి తిరిగే కారు ‘కాహు’ అవుతుంది. మరోవైపు, రాతలోని హకారం పోర్చుగీసులో ఎప్పుడూ మూగదే. ‘హోటల్’కు వారి మాట ‘ఒతేవ్’. ఇంగ్లీషు పుటలో రకారం కనిపిస్తే ‘హ’ అనడం, హకారం కనిపిస్తే మింగేయడం ఇందువల్లనే.

‘హ’ పలకలేరని అనుకోవద్దు. పొద్దున లేచింది మొదలు పలుకుతూనే ఉంటారు, ఎటొచ్చీ దాన్ని వేరే అక్షరంతో రాస్తారు. ‘హోమ్’ అనే మాటను రకారంతో మొదలయ్యే పోర్చుగీసు మాటలా చదవమంటే క్షణంలో సరైన ‘హ’ వస్తుంది. ఇంగ్లీషు ‘ర’కు కూడా ఇంటి మందే ఉంది. సావో పాలో రాష్ట్రపు లోపలి జిల్లాల్లో ‘కైపీర’ అని పిలిచే పల్లె యాసలో ‘పోర్త’ అనే మాటలోని రకారాన్ని నాలుకను వెనక్కి మడిచి పలుకుతారు. తలుపు అని ఆ మాటకు అర్థం. ఆ ధ్వని అమెరికన్ ‘ర’కు ఎంత దగ్గరగా ఉంటుందంటే, ‘రెడ్’ను కైపీర రకారంతో మొదలుపెట్టమని అడిగిన మొదటిసారి నేనే ఉలిక్కిపడ్డాను. నగరవాసులు వెక్కిరించే యాసే ఇంగ్లీషుకు దగ్గరి దారి కావడం నాకు ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది. ఇక అమెరికన్లు ‘వాటర్’, ‘సిటీ’ అనేటప్పుడు మధ్యలో వినిపించే తేలిక ధ్వనిని, వారి ‘కారు’ అనే మాటలోని ఒంటరి రకారంతోనే నేర్పవచ్చు.

ప్రశ్న: మాట చివరి ల, మ లు ఎక్కడికి పోతున్నాయి?

బ్రెజిల్‌లో చివరి ‘ల’ ‘వ్’ అవుతుంది. తమ దేశాన్ని వారు ‘బ్రజీవ్’ అంటారు. ఆ అలవాటుతో ‘ఫీల్’ కాస్తా ‘ఫీవ్’ అవుతుంది. మాట ముగిసేసరికి నాలుక కొన పై పళ్ల వెనుక ఆనుకొని ఉందా, పెదవులు గుండ్రంగా తిరగకుండా ఉన్నాయా అన్న రెండు విషయాలు అద్దంలో చూసుకుంటే చాలు. చివరి మ, న లు ముందున్న అచ్చును ముక్కుతో పలికించి తాము మాయమవుతాయి. దానివల్ల ‘సమ్’, ‘సన్’, ‘సంగ్’ మూడూ ఒకేలా వినబడతాయి. ‘మ’ అయితే పెదవులు మూయాలి, ‘న’ అయితే మూయకూడదు, ఇంతకుమించి చెప్పవలసింది లేదు.

ప్రశ్న: హ్రస్వ దీర్ఘాల తేడా వారికి ఎందుకంత కష్టం?

తెలుగు పిల్లలకు గుణింతంతో పాటే అబ్బే విషయం ఇది. మనకు ‘పలు’ వేరు, ‘పాలు’ వేరు. పోర్చుగీసులో అచ్చు నిడివి వల్ల అర్థం మారదు కాబట్టి ‘షిప్’, ‘షీప్’ రెండూ వారి చెవికి ఒకటే. దీర్ఘం తగ్గితే బూతు మాటగా మారే కొన్ని ఇంగ్లీషు మాటలు ఉన్నాయి. సముద్రతీరం, దుప్పటి వంటి విషయాలు వచ్చినప్పుడల్లా విద్యార్థులు వాక్యాన్ని తిప్పి చెప్పడం చూసినప్పుడు, వారు ఆ మాటలకు భయపడి తప్పించుకుంటున్నారని గ్రహించాలి. నిడివి ఒక్కటే నేర్పితే చాలదు. ‘షిప్’లోని అచ్చుకు నోరు కాస్త వదులుగా ఉండాలి, ‘షీప్’లో పెదవులు చిరునవ్వులా సాగాలి.

‘బెడ్’, ‘బ్యాడ్’ జంటది మరో కథ. పోర్చుగీసులో విప్పారిన ఎ, ముడుచుకున్న ఎ అని రెండు ఉన్నాయి. ఒ కూడా అంతే, తాతకూ అమ్మమ్మకూ ఉన్న మాటల్లో తేడా ఆ చివరి ఒకారం విప్పారిందా ముడుచుకుందా అన్నదే. ఇంత సూక్ష్మం తెలిసినవారికి కూడా ‘బ్యాడ్’లోని అచ్చు లేదు, దాని స్థానంలో విప్పారిన ఎకారాన్నే వాడతారు. మనకు ‘బ్యాంకు’, ‘క్యారేజీ’ ఉన్నాయి కనుక మనం పలికి చూపించగలం. దవడ మరో అంగుళం కిందికి దించమని చెప్పడమే సూత్రం.

ప్రశ్న: ‘థింక్’, ‘త్రీ’ మాటలపై ఎంత సమయం పెట్టాలి?

నన్నడిగితే అన్నిటికన్నా చివర. ఆ ధ్వని పోర్చుగీసులోనూ లేదు, తెలుగులోనూ లేదు. వారు ‘టింక్’, ‘ఫింక్’, ‘సింక్’ అంటారు, మనం ఒత్తు ‘థ’తో సరిపెట్టుకుంటాం. నాలుక కొనను పళ్ల మధ్య ఉంచి గాలి వదలడం రెండు నిమిషాల్లో చూపించవచ్చు, అలవాటు కావడానికి నెలలు పడుతుంది. ఈలోగా ఎదుటివారికి అర్థం కాకపోవడమన్నది అరుదు. ‘బుకి’, ‘హెడ్’, ‘షిప్’ల వల్ల కలిగే తికమక అంతకన్నా చాలా ఎక్కువ.

ప్రశ్న: తక్కువ సమయంలో ఎక్కువ పదజాలం నేర్పడం సాధ్యమేనా?

పోర్చుగీసు లాటిన్ బిడ్డ, ఇంగ్లీషు లాటిన్ నుంచి సగం ఇల్లు నింపుకున్న భాష. అందువల్ల మాట చివరి ప్రత్యయాలు మార్చుకుంటే వందలాది మాటలు ఒక్క రోజులో చేతికి వస్తాయి. ‘సాఁవ్’తో ముగిసేవి ‘షన్’ అవుతాయి: ‘నసాఁవ్’ నేషన్, ‘ఇన్ఫొర్మసాఁవ్’ ఇన్ఫర్మేషన్. ‘దాజి’తో ముగిసేవి ‘టీ’ అవుతాయి: ‘ఉనివెర్సిదాజి’ యూనివర్సిటీ. క్రియావిశేషణాల చివరి ‘మెంచి’ స్థానంలో ‘లీ’ వస్తుంది. అయితే ఈ మాటల్లో ఊనిక, అంటే ఒత్తి పలికే అక్షరం, స్థానం మారిపోతుంది. ‘హాస్పిటల్’ను ఇంగ్లీషులో మొదటి అక్షరంపై ఊనుతారు, పోర్చుగీసులో చివరి దానిపై. మాటతో పాటు ఊనికను కూడా గుర్తు పెట్టించకపోతే, తెలిసిన మాటే వినేటప్పుడు వారికి పోల్చుకోవడం కష్టమవుతుంది.

మినహాయింపులూ లేకపోలేదు. ‘హసాఁవ్’ను ‘రేషన్’గా మార్చి, మన రేషను దుకాణం గురించి చెప్పబోయాను ఒకసారి. బ్రెజిల్‌లో ఆ మాటకు కుక్కలకు, పశువులకు పెట్టే దాణా అని అర్థం. బియ్యం కార్డు చూపించి ప్రభుత్వం ఏం పంచుతోందని ఆ విద్యార్థి ఎంతో మర్యాదగా అడిగారు.

ప్రశ్న: చూడటానికి ఒకేలా ఉండి అర్థం మారే మాటల్లో ముందుగా ఏవి నేర్పాలి?

తలుపుతో మొదలుపెట్టండి. బ్రెజిల్ దుకాణాల తలుపులపై ‘పూషి’ అని పలికే మాట రాసి ఉంటుంది. దానికి అర్థం ‘లాగండి’. ఇంగ్లీషులో ‘పుష్’ అంటే నెట్టడం. విదేశంలో మొదటి రోజే గాజు తలుపును లాగుతూ నిలబడిపోయిన బ్రెజిల్ వారు ఎందరో. ఆ తరువాత ‘ప్రెతెందేర్’. దానికి ఉద్దేశించడం అని అర్థం, నటించడం కాదు. ఉద్యోగ ఇంటర్వ్యూలో ‘నేను మేనేజరుగా ఉండాలనుకుంటున్నాను’ అనబోయి ‘మేనేజరుగా నటిస్తున్నాను’ అనే ప్రమాదం ఉంది. ‘పరెంచిస్’ అంటే బంధువులందరూ, తల్లిదండ్రులు మాత్రమే కాదు. ‘లివ్రరీయ’ పుస్తకాల దుకాణం, గ్రంథాలయం కాదు. ‘అతువావ్‌మెంచి’ అంటే ప్రస్తుతం, ‘యాక్చువల్లీ’ కాదు. ‘ఎస్కిజీతు’ అంటే వింతైనది. అద్భుతమని పొగిడే ‘ఎక్స్‌క్విజిట్’ను వారు తిట్టుగా తీసుకోవచ్చు. పోర్చుగల్ వారు జలుబు చేసిందనడానికి వాడే మాట ఇంగ్లీషులో మలబద్ధకాన్ని సూచిస్తుంది కాబట్టి, వైద్యుడి దగ్గరికి వెళ్లే విద్యార్థికి దాన్ని ముందే చెప్పి ఉంచడం దయగల పని.

ప్రశ్న: బ్రెజిల్‌లో వాడుకలో ఉన్న ఇంగ్లీషు మాటలపై ఆధారపడవచ్చా?

జాగ్రత్తగా. అక్కడ ‘ఔట్‌డోర్’ అంటే రోడ్డు పక్కన ప్రకటనల హోర్డింగు, ‘షాపింగ్’ అంటే మాల్, ‘నోట్‌బుక్’ అంటే ల్యాప్‌టాప్, ‘స్మోకింగ్’ అంటే పెళ్లిళ్లకు తొడిగే నల్ల కోటు. ‘పెన్ డ్రైవ్’ మాత్రం వారికీ మనకూ ఉమ్మడి ఆస్తి. అన్నిటికన్నా ముచ్చటైనది చీజ్ బర్గర్. ఇంగ్లీషులో ‘ఎక్స్’ అని పిలిచే అక్షరాన్ని వారు ‘షీస్’ అంటారు. అది ‘చీజ్’లా వినబడుతుంది కనుక హోటల్ పట్టికలో ఆ ఒక్క అక్షరం వేసి పక్కన ‘బర్గర్’ అని రాస్తారు. సలాడు చేరితే ‘షీస్ సలాద’. ఫోన్ నంబరు చెప్పేటప్పుడు 6ను ‘మేయ’ అంటారు, అంటే సగం, అర డజను అన్నమాట. 3కూ 6కూ వారి భాషలో ఉన్న మాటలు లైనులో ఒకేలా వినబడతాయని ఈ ఏర్పాటు.

ప్రశ్న: పోర్చుగల్, అంగోలా, మొజాంబిక్ విద్యార్థులకూ ఇవే సూచనలు వర్తిస్తాయా?

కొన్ని మాత్రమే. పోర్చుగల్‌లో ‘త’ ‘చ’ కాదు. అక్కడి సమస్య అచ్చులు చేర్చడం కాదు, ఉన్న అచ్చులను మింగడం. ‘తెలెఫోన్’ వారి నోట దాదాపు ‘త్ల్‌ఫోన్’ అవుతుంది. చివరి ‘స’ ‘ష’గా వినబడుతుంది. హల్లుల గుంపులు వారికి కష్టం కాకపోవడం వల్ల ‘స్టాప్’ పాఠాన్ని కుదించి, ఆ సమయాన్ని ‘షిప్’, ‘షీప్’లకు ఇవ్వవచ్చు. అంగోలా, మొజాంబిక్‌లలో అధికార భాష పోర్చుగీసే అయినా, చాలామందికి ఇంట్లో ఆఫ్రికా భాషా కుటుంబమైన బంటూకు చెందిన భాష ఒకటి ఉంటుంది. ముందుగా ఆ ఇంటి భాష ఏదో అడిగి తెలుసుకోవాలి.

ప్రశ్న: మన తెలుగు యాస వారికి అంటుకోదా?

అంటుకుంటుంది, కొన్ని చోట్ల నష్టం కూడా చేస్తుంది. మన ‘ట’, ‘డ’లు నాలుకను బాగా వెనక్కి మడిచి పలికేవి. మనకు ‘వెస్ట్’, ‘వెస్ట్ కోస్ట్’లలోని ‘వ’కూ ‘వెరీ’లోని ‘వ’కూ తేడా లేదు. పోర్చుగీసువారికి పైపన్నుతో కింది పెదవిని నొక్కి పలికే ‘వ’ సహజంగా వస్తుంది. ‘జూ’లోని ధ్వని, ‘మెజర్’ మధ్యలోని ధ్వని, ‘ఫ’ కూడా వారికి పుట్టుకతో వచ్చినవే. ఈ నాలుగింటిలోనూ గురువు స్థానంలో వారే ఉంటారు, మొహమాటం లేకుండా వినడం మంచిది.

ప్రశ్న: విద్యార్థి సరిగా పలికారో లేదో నా చెవికే తెలియకపోతే?

ఫోన్‌లోని వాయిస్ టైపింగును ఇంగ్లీషులో పెట్టి, విద్యార్థిని అందులోకి మాట్లాడమనండి. వాక్యం మొత్తం చెబితే సందర్భాన్ని బట్టి ఫోన్ ఊహించి సరిదిద్దుతుంది కాబట్టి, ‘ఐ సా ఎ షిప్’ వంటి, రెండు అర్థాలకూ అవకాశమున్న చిన్న వాక్యాలే ఇవ్వాలి. తెరపై ఓడ వచ్చిందా గొర్రె వచ్చిందా అన్నది ఇద్దరూ కలిసి చూడవచ్చు. అయిదుసార్లలో నాలుగుసార్లు ఓడ వస్తే తరువాతి పాఠానికి వెళ్లండి. ఆ తరువాత అదే వాక్యాన్ని మీరూ చెప్పి చూడండి. మన ‘వెస్ట్’, ‘వెరీ’లను కూడా అదే తెరపై పరీక్షించుకోవచ్చు.